సవరణ: చిట్టెలుకకు ఫ్లూక్సెటిన్ డోసు

నల్గొండలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టులు చేసే పిల్లల కోసం మొన్న రాసిన పోస్టులో, డిప్రెషన్ తగ్గించే ఫ్లూక్సెటిన్ మందు మనిషి డోసును కేజీల లెక్కన అలాగే చిట్టెలుకకు ఇవ్వొచ్చన్నాను. అది తప్పు, లెక్క నాదే. పాలమూరులో ఫార్మకాలజీ చెప్పే మా సీనియర్ అక్క చదివి వెంటనే ఫోన్ చేసింది.

60 కేజీల మనిషికి రోజుకు 20 మిల్లీగ్రాములంటే కేజీకి 0.33. చిట్టెలుకకూ అంతే అనుకున్నాను. కానీ చిన్న జంతువుల ఒంట్లోంచి మందు చాలా త్వరగా పోతుంది. అందుకే శరీర ఉపరితల వైశాల్యాన్ని బట్టి మార్చాలి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005 మార్గదర్శకం ప్రకారం చిట్టెలుకకైతే 12.3తో, పెద్ద ఎలుక అయిన ర్యాట్‌కైతే 6.2తో గుణించాలి. (అది అసలు జంతువు నుంచి మనిషికి వెళ్లే లెక్క, మనం తిరగేస్తున్నాం.) అంటే చిట్టెలుకకు కేజీకి దాదాపు 4.1, ర్యాట్‌కు 2 మిల్లీగ్రాములు. 25 గ్రాముల చిట్టెలుకకు 0.1 మిల్లీగ్రాము. నేను చెప్పినదానికి పన్నెండింతలు!

ఇదీ మొదటి అంచనా మాత్రమే. ప్రచురించిన ప్రయోగాల్లో చిట్టెలుకలకు కేజీకి 10, 20 మిల్లీగ్రాములు ఇచ్చినవి చాలానే ఉన్నాయి. రెండు మూడు డోసులతో ముందుగా చిన్న ప్రయోగం (పైలట్) చేసుకోవడం మేలు.

ఎక్కువ డోసిస్తే ఫలితం ఖాయమని నేనన్నట్టు కొందరు అనుకున్నారు. అలా అనలేదు. ఇలాంటి మందుల్ని పరీక్షించడానికి ఎలుకను నీళ్లలో వేసి ఎంతసేపు ఈదుతుందో చూస్తారు. కానీ హుషారు పెంచే మందేదైనా ఇస్తే అది ఎక్కువసేపు ఈదుతుంది, అది డిప్రెషన్ తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే ఎలుకను ఖాళీ పెట్టెలో వదిలి చూసే ఓపెన్ ఫీల్డ్‌లో దాని కదలికలు విడిగా చూడాలి.

పాత లెక్కతో ఎథిక్స్ కమిటీకి ప్రోటోకాల్ పెట్టినవాళ్లుంటే మార్చి పంపండి.