వీల్‌ఛైర్‌లో వచ్చిన ప్రతి పర్యాటకుడూ రోగి కాదు

పర్యాటక విధానాల్లో వైద్య పర్యాటకం (చికిత్స కోసం వేరే దేశానికి వెళ్లడం), వికలాంగుల పర్యాటకం తరచూ ఒకే అధ్యాయంలో కనిపిస్తాయి. వీల్‌ఛైర్ కనబడితే చాలు, విధానాలు రాసేవాళ్లకు ఆసుపత్రే గుర్తొస్తుంది కాబోలు. కానీ అందులో కూర్చున్న మనిషి సముద్రం చూడ్డానికి వచ్చి ఉండొచ్చు, ఊరికే నాలుగు రోజులు ఇల్లు మరిచిపోదామనీ వచ్చి ఉండొచ్చు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో ఆరోగ్యం 25వ అధికరణం. వినోదం, క్రీడలు, పర్యాటక స్థలాల్లో ప్రవేశం 30వ అధికరణం. ఒడంబడిక విడదీసిన వాటిని మన విధానకర్తలు మళ్లీ కలిపేశారు.

కలిపితే డబ్బు ఆసుపత్రుల వైపే పోతుంది. విదేశీ రోగి కట్టిన బిల్లు లెక్కల్లో తేలుతుంది; ఒక మ్యూజియం మెట్ల పక్కన ర్యాంపు కడితే ఎంతమంది అదనంగా వచ్చారో ఎవరూ లెక్కకట్టరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నవారు దాదాపు 130 కోట్లు, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు. ఆ ఒక్కరికి గది కుదరకపోతే వెంట వచ్చే కుటుంబమంతా వేరే ఊరు చూసుకుంటుంది.

అసలు కొరత సమాచారానిది. హోటల్ వెబ్‌సైట్‌లో వీల్‌ఛైర్ బొమ్మ ఒకటి పెడితే సరిపోతుందా? తలుపు వెడల్పెంత? మంచం వీల్‌ఛైర్ సీటంత ఎత్తులో ఉందా? స్నానాల గదికి గడప ఉందా? కమోడ్ పక్కన కడ్డీ ఏ వైపుంది? ఎడమ చెయ్యి మాత్రమే పనిచేసే మనిషికి కుడివైపు కడ్డీ ఉన్నా లేనట్టే. అందరికీ అందుబాటులో ఉండే పర్యాటకానికి 2021లో ఐఎస్‌ఓ 21902 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాన్ని పాటించడం మాత్రం ఐచ్ఛికం.

విమానం సంగతి ఇంకా దారుణం. మనిషి సీట్లోకి, బ్యాటరీ వీల్‌ఛైర్ సామాను అరలోకి. అమెరికాలోనే విమాన సంస్థలు ఏడాదికి పది వేలకు పైగా వీల్‌ఛైర్లను, నడవలేనివారు వాడే స్కూటర్లను పాడుచేయడమో, పోగొట్టడమో, ఆలస్యంగా అందించడమో చేసినట్టు నమోదైంది. అంతర్జాతీయ ప్రయాణంలో నష్టపరిహారానికి 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం పరిమితి పెట్టింది. ముందే విలువ ప్రకటించకపోతే, మంచి బ్యాటరీ వీల్‌ఛైర్ ధరలో అది చిన్న వంతే.

తమాషా ఏమిటంటే, ఈ వసతులు లేకపోతే వైద్య పర్యాటకమూ నిలబడదు. తుంటి మార్పిడి చేయించుకున్నవారిని కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు వల్ల వైద్యులు వెంటనే దూర విమాన ప్రయాణం చేయనివ్వరు. డిశ్చార్జి అయ్యాక గడపాల్సింది హోటల్లోనే. తుంటి ఎక్కువగా వంచొద్దన్న రోగికి అక్కడ ఎదురయ్యేది పొట్టి కమోడ్, ఎత్తైన స్నానపు తొట్టి. ప్యాకేజీలో శస్త్రచికిత్స ఉంటుంది, విమానాశ్రయం నుంచి కారు ఉంటుంది. బాత్‌రూమ్ గురించి ఒక్క మాట ఉండదు.

కాబట్టి ముందు ఖర్చు పెట్టాల్సింది దారుల మీద, గదుల మీద. అది కూడా పెద్ద ఖర్చుతో మొదలవ్వాల్సిన పని లేదు. హోటళ్ల లైసెన్సు పునరుద్ధరించేటప్పుడు తలుపు, మంచం, స్నానాల గది కొలతలు ఫొటోలతో సహా ప్రకటించాలని షరతు పెడితే, కావలసింది ఒక టేపు, ఒక పూట సమయం. కొలత తప్పని తేలితే అద్దె మొత్తం వెనక్కివ్వాలన్న నిబంధన కూడా ఆ పక్కనే ఉండాలి.