అఫెన్స్ ‘తీసుకుంటేనే’ ఉంటుందా?

ఇంగ్లీషు పాఠం పేరుతో ఒక పోస్టు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: అఫెండ్ అంటే కోపం తెప్పించడం. అఫెన్స్ ఒకరు ఇచ్చేది కాదు, మనం తీసుకుంటేనే ఉంటుంది, అందుకే ‘టేక్ అఫెన్స్’ అంటారు. అసలిది సోషల్ మీడియా తరం పుట్టించిన మాట. ముందుగా ‘నో అఫెన్స్’ అనేస్తే ఇక గొడవే లేదు. వినడానికి బాగానే ఉంది కానీ, ఇందులో ఒక్కటీ నిలవదు.

ముందు ఆ ‘తీసుకోవడం’ సంగతి చూద్దాం. టేక్ అఫెన్స్ అనే మాట ఉంది, కాదనను. దాని పక్కనే ‘గివ్ అఫెన్స్’ కూడా ఉంది. పోస్టు రాసినాయన దాన్ని వదిలేశారు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోనే, కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ‘గివింగ్ నో అఫెన్స్’ అని కనిపిస్తుంది. అంటే ఇచ్చేవాడూ ఉన్నాడు, పుచ్చుకునేవాడూ ఉన్నాడు. అఫెండర్ అనే మాటనే తీసుకోండి. నేరం చేసినవాణ్ని అలా అంటారు, నొచ్చుకున్నవాణ్ని కాదు. జైలు నుంచి వచ్చి మళ్లీ నేరం చేస్తే ‘రీఅఫెండ్’ చేశాడంటారు. పోస్టు లెక్కన దొంగతనం కూడా ఇంటాయన ఒప్పుకుంటేనే జరిగినట్టు.

ఇక కొత్త తరం మాట అన్నది మరీ అన్యాయం. ఇది పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలోనే ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్‌లో దీని మూలానికి అర్థం, ఎదురుగా ఉన్నదానికి వెళ్లి తగలడం. చీకట్లో నడుస్తుంటే బొటనవేలు గడపకి కొట్టుకుంటుంది చూడండి, మనం ‘ఎదురుదెబ్బ’ అంటామే, సరిగ్గా అది. ఆ దెబ్బను అడ్డుకోవడం ‘డిఫెండ్’. ఇంటి చుట్టూ వేసే ‘ఫెన్స్’ కూడా డిఫెన్స్‌ని కురచ చేయగా వచ్చిందే.

ఈ పాత అర్థం మత్తయి సువార్తలో బాగా తెలుస్తుంది. కింగ్ జేమ్స్ ఇంగ్లీషులో ‘నీ కుడికన్ను నిన్ను అఫెండ్ చేస్తే దాన్ని పెరికి పారెయ్యి’ అని ఉంటుంది. కన్ను మనల్ని తిట్టదు కదా! తప్పుదారిలో పడేస్తే, కాలుజారేలా చేస్తే అని అక్కడ అర్థం. తెలుగు బైబిల్లో అదే చోట ‘అభ్యంతరపరచిన’ అని రాశారు. మంచి ఎంపిక అనిపిస్తుంది నాకు. అభ్యంతరంలో అడ్డు తగలడమూ ఉంది, ఆక్షేపణా ఉంది.

కోపం సంగతి చిన్నదే. అఫెండ్ అయినవాళ్లు కోప్పడొచ్చు, కోప్పడకుండా చిన్నబుచ్చుకుని లేచి వెళ్లిపోనూ వచ్చు. నొచ్చుకోవడం, ‘ఫీలవడం’ దీనికి దగ్గరి మాటలు. ఇన్‌సల్ట్ అంటే అవమానించడం, సాధారణంగా కావాలనే చేస్తారు. అఫెండ్ చేయడానికి ఆ ఉద్దేశం అక్కర్లేదు. కుళ్లు కంపుని కూడా ‘అఫెన్సివ్ స్మెల్’ అంటారు, ఆ కంపుకి మనమీద పగేం లేదు. అదే అఫెన్సివ్ యుద్ధం దగ్గరికొస్తే దాడి అవుతుంది. వియత్నాం యుద్ధంలో 1968 నాటి టెట్ అఫెన్సివ్ అలాంటిదే.

అఫెన్సివ్ అంటే నొప్పించేది, అఫెండెడ్ అంటే నొచ్చుకున్నవాళ్లు. ఈ తేడా తెలియక నా ఎదుటే ఒక చిక్కు వచ్చింది. ‘ఏమీ అనుకోకండి’ అనబోయి మా సహోద్యోగి ఒకాయన క్లయింట్‌కి మెయిల్లో ‘ప్లీజ్ డోంట్ బీ అఫెన్సివ్’ అని కొట్టి పంపేశారు. అఫెండెడ్ అనాల్సింది. అవతలివాళ్లకది ‘దయచేసి అసభ్యంగా మాట్లాడకండి’ అన్నట్టు వినిపించింది. అప్పటిదాకా వాళ్లు పాపం ఒక్క మాట కూడా అనలేదు. ఆ సాయంత్రమంతా సారీలతోనే సరిపోయింది.

చివరిది, ‘నో అఫెన్స్’. అది క్షమాపణ కాదు, మన ‘ఏమనుకోకు గానీ’కి అన్నలాంటిది. ‘ఏమనుకోకు గానీ, నీ గొంతు అస్సలు బాలేదు’ అని ఎవరైనా అంటే మనసు కుదుటపడుతుందా? పైగా దానికి ఇంగ్లీషులో ఒక జవాబుంది, ‘నన్ టేకెన్’ అని. నేనేమీ అనుకోలేదులే అని చెప్పడం. ఆ మాట అనాలో వద్దో తేల్చుకునేది విన్నవాళ్లే, అన్నవాళ్లు కాదు.