ఆ సినిమా మళ్లీ వేయండి, పూర్తిగా

దీపావళికి ముందు మన తెలుగు సంఘం యూత్ కమిటీ పిల్లలు 'ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్' అనే కొరియన్ సినిమా వేస్తే, గంట తిరగకుండానే పెద్దలు ఆపించేశారు. "పండగ ముందు దయ్యాల సినిమా ఏంటి, ఫ్యామిలీలతో వచ్చాం" అన్నారు. హాల్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ప్రొజెక్టర్ కట్టేశాక ఆ సినిమా ఎంచుకున్న పిల్లల మొహాలు చూసి నాకు మనసు కలుక్కుమంది.

2003లో కిమ్ జీ ఊన్ తీసిన సినిమా అది. సూ మీ అనే అమ్మాయి మానసిక వైద్యశాల నుంచి ఇంటికొస్తుంది. ఇంట్లో నాన్న, చెల్లెలు, సవతి తల్లి. దీనికి మూలం కొరియా వాళ్ల పాత జానపద కథ. అన్యాయంగా చనిపోయిన అక్కచెల్లెళ్లు మొర చెప్పుకుందామని ఊరి అధికారి ముందుకొస్తారు. వచ్చిన అధికారల్లా భయంతో ప్రాణాలు విడుస్తుంటే, చివరికి ఒకాయన ధైర్యంగా కూర్చుని వింటాడు.

సినిమాలో అలా వినేవాడు లేడు. చెల్లెలు అప్పటికే బీరువా కింద నలిగి చనిపోయింది. అది ఒప్పుకోలేని అక్క మనసు ఆమెను పక్కనే ఉంచుకుని తిరుగుతోంది. (చూడనివాళ్లు క్షమించాలి, గుట్టు చెప్పేశాను.) తండ్రి దుర్మార్గుడేం కాదు, వేళకు మాత్రలిస్తాడు. కూర్చుని మాట్లాడడు. నాకు అన్నిటికన్నా ఆయన మౌనానికే భయం వేసింది.

మా పెదనాన్న కూతురు గుంటూరులో ఇంటర్ హాస్టల్ నుంచి ఏడాది మధ్యలో తిరిగొచ్చేసింది. చుట్టాలకు పచ్చకామెర్లని చెప్పారు. తాయెత్తు కట్టించారు. పెద్దమ్మ రోజూ సాయంత్రం దాన్ని గడప దగ్గర కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి, చిక్కు తీసి జడ వేసేది. గోంగూర పచ్చడి కలిపి ముద్దలు పెట్టేది. ఆ చేతుల్లో ఉన్న ప్రేమ నేనింకెక్కడా చూడలేదు. కానీ ఆ జడ వేస్తున్నంతసేపూ ఒక్కసారైనా "అక్కడ ఏం జరిగిందమ్మా" అని అడగలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని ఆవిడ భయం. చాలా ఏళ్ల తర్వాత చెల్లి నాతో అంది: "అందరూ బాగా చూసుకున్నారక్కా. అడుగుతారేమోనని ఎదురుచూశాను."

ఇక్కడ మన సంఘం ఇళ్లలోనూ సెమిస్టర్ మధ్యలో ఇంటికొచ్చేస్తున్న పిల్లలున్నారు. మనం మాత్రం "ఆన్‌లైన్ క్లాసులు" అని సర్దిచెబుతున్నాం. ఊళ్లో అయితే కనీసం ఆ జడ వేసే చేతులుండేవి. ఇక్కడ తలుపు వేసుకున్న గది ఒక్కటే.

కార్యవర్గానికి నా విన్నపం: సంక్రాంతి హడావుడి అయ్యాక ఒక శనివారం ఆ సినిమా మళ్లీ వేయనివ్వండి. రెండు గంటల్లోపే అయిపోతుంది. తర్వాత టీ పెట్టండి, మైకు పిల్లలకివ్వండి, పెద్దలం వెనక వరసల్లో కూర్చుందాం. చిన్నపిల్లలకు పక్క గదిలో బొమ్మలు వేయించే పని నేను చూసుకుంటాను.