బ్యాక్టీరియా లేదు సరే, వైరస్ మాటేంటి?

1955 డిసెంబరు, 56 జనవరి నెలల్లో ఢిల్లీలో 29 వేల మందికి పైగా కామెర్లతో మంచాన పడ్డారు. నజఫ్‌గఢ్ మురుగు కాలువ ఎదురు తన్ని, వజీరాబాద్ దగ్గర యమునలో తాగునీరు తోడే చోటికి చేరింది. అధికారులు చేతులు ముడుచుకు కూర్చోలేదు, క్లోరిన్ పెంచారు, టైఫాయిడ్ పెద్దగా పెరగనూ లేదు. అంటే బ్యాక్టీరియా చచ్చింది, వైరస్ మాత్రం కుళాయిల్లోకి దర్జాగా వచ్చేసింది. అది కాలేయానికి సోకే హెపటైటిస్-ఈ అని తేలడానికి దశాబ్దాలు పట్టింది. 2005లో హైదరాబాద్‌లోనూ అదే జబ్బు, మురుగు కాలువల పక్కనే వేసిన పాత నీటి పైపులు.

ఇంత జరిగినా ఊళ్లో నీటి పరీక్ష అంటే ఇప్పటికీ మురుగు బ్యాక్టీరియా ఉంటే నల్లబడే హెచ్2ఎస్ సీసాలో నీళ్లు పోసి నల్లబడిందా లేదా చూడటమే. నల్లబడకపోతే ‘బాగున్నాయి’ అని రాసేసుకుంటాం. ఆ సీసాకు వైరస్ సంగతి తెలియదు.

రూలు లేదా అంటే, భేషుగ్గా ఉంది! మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది, లీటరు నీటిలో ఎంఎస్2 ఫేజ్ ఉండకూడదని, కనబడితే జన్యు పదార్థాన్ని పట్టే పీసీఆర్ పరీక్షతో వైరస్‌ల కోసం వెతకాలని చెబుతోంది. ఈ ఫేజ్ ఈ.కోలి అనే పేగు బ్యాక్టీరియా మీద పడి బతికే వైరస్, మనల్నేమీ చేయదు. కానీ ఇలాంటివి మురుగులో పుష్కలంగా ఉంటాయి, క్లోరిన్‌కు ఈ.కోలి కంటే మొండిగా నిలబడతాయి, అందుకే ఇవి కనబడితే అసలు శత్రువు కూడా దాటి ఉండొచ్చని అనుమానించాల్సిందే.

పట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. నమూనా నీళ్లలో తగిన ఈ.కోలి, చల్లారితే జెల్లీలా గట్టిపడే అగార్‌ను కరిగించి కలిపి ప్లేట్లలో పోసి రాత్రంతా వెచ్చగా ఉంచితే, తెల్లారేసరికి బ్యాక్టీరియా తెల్లటి పొరలా పరుచుకుంటుంది, ఫేజ్ ఉన్నచోటల్లా ఆ పొరలో గుండ్రటి ఖాళీలు పడతాయి, వాటిని లెక్కపెట్టడమే పని. యూరప్ 2020లోనే శుద్ధి చేయని నీటికి ఇలాంటి ఫేజ్‌లకు ఓ హద్దు పెట్టుకుంది, 100 మిల్లీలీటర్లకు 50.

ప్రతి కుళాయికీ చేయమని మేం అడగడం లేదు (ల్యాబుల్లో ఉన్న సిబ్బంది ఎందరో మాకూ తెలుసు). పైపు మురుగు కాలువను దాటే చోట్ల, కామెర్ల కేసులు కనబడిన వార్డుల్లో, వానాకాలం మొదట్లో చేయండి. అక్కడ గంటసేపు లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ నిలుస్తోందో లేదో కూడా చూడండి, ఆ ప్రమాణంలో ఉన్నదే. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్-ఈ సోకితే ప్రాణం మీదికే వస్తుంది కాబట్టి, ఫలితాలు ఫైళ్లలో కాకుండా వార్డు ఆఫీసు గోడ మీద అంటించండి.