ఆ తాడు జరపకండి

అమెరికాలో మన తెలుగు సంఘం బీచ్ పిక్నిక్ ముగిసి ఇన్నాళ్లయినా వాట్సాప్ గ్రూపులో రగడ చల్లారలేదు. త్రోబాల్ కోర్టుకు చోటు చాలక, పక్షి గూళ్ల రక్షణకు ఇసుకలో పాతిన కర్రలనూ తాడునూ ఎవరో పక్కకు జరిపారు. పార్కు రేంజరు వచ్చి ఆట ఆపించి, గాలిపటాలు దింపించారు. ‘డబ్బు కట్టి పర్మిట్ తీసుకున్నాం, ఓ పిట్ట కోసం పిల్లల్ని ఏడిపిస్తారా?’ అన్న మాటకు అన్ని లైకులు పడటం మనసుకు కష్టంగా ఉంది.

తాడు వెనక ఉన్నది పైపింగ్ ప్లోవర్ అనే చిన్న తీరపక్షి. బరువు 50 గ్రాములు అటూ ఇటూ. అట్లాంటిక్ తీరంలో దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చిన 1986లో 800 జతలు కూడా లేవు. ఇప్పుడు 2,000 దాటాయంటే అందులో ఆ తాళ్ల పుణ్యం చాలా ఉంది.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1918 నాటి వలస పక్షుల చట్టం పిట్టనూ గుడ్డునూ గూటినీ కాపాడుతుంది గానీ, గూడు పెట్టే నేలను కాదు. అంతరించిపోతున్న జాతుల చట్టం కింద ఈ పక్షి చలికాలం గడిపే దక్షిణ తీరాలను 2001లో కీలక ఆవాసంగా ప్రకటించారు. న్యూజెర్సీలాంటి చోట్ల అది పిల్లల్ని చేసే ఇసుకకు ఆ రక్షణ లేదు. ఇక్కడ మిగిలింది పక్షిని వేధించకూడదన్న నిషేధం. గుడ్లు పొదగడం, మేత, తలదాచుకోవడం దెబ్బతినేలా విసిగిస్తే వేధింపే. కావాలని చేయనక్కర్లేదు, అజాగ్రత్త చాలు. ఆ నిషేధం నేల మీద కనిపించే రూపమే ఆ తాడు.

గూడంటే చిన్న గుంట, నాలుగు గుడ్లు. పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. మనిషి దగ్గరికొస్తే తల్లి రెక్క విరిగినట్టు నటిస్తూ దూరంగా ఈడ్చుకుపోతుంది. అది తిరిగి రాకపోతే జూన్ ఎండకు కాలిన ఇసుకలో గుడ్లు ఉడికిపోతాయి. అందుకే గూటి చుట్టూ 50 మీటర్లు వదలమంటారు. గాలిపటం వాటి కంటికి డేగ, కాబట్టి దానికి 200 మీటర్లు. పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే నడుస్తాయి, తల్లి నోటికందించదు. తడి ఇసుకలో పురుగులు వాటంతటవే ఏరుకోవాలి, అంటే తాడు దాటి మన గొడుగుల మధ్య నుంచే నీటి అంచుకు రావాలి. రెక్కలొచ్చేదాకా, అంటే మరో నాలుగైదు వారాలు, ఇదే తంతు. మనం తవ్వి వదిలిన గుంటలో పడితే పైకి రాలేవు. పారేసిన బిర్యానీ ఎముకలకు కాకులూ గల్ పక్షులూ నక్కలూ చేరతాయి, తర్వాత గుడ్ల మీద పడతాయి. గూడు పాడైతే మళ్లీ పెడతాయి గానీ, జులై నడిమికి ఆ గడువూ దాటిపోతుంది.

‘మన ఊళ్లో ఏ రూలూ లేకుండానే పక్షులు బతికాయి’ అని ఒకరు రాశారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పెలికన్లు వస్తే ఊరికి మంచిదని నమ్ముతారు, పెరటి చెట్ల మీద గూళ్లు కట్టినా ఎవరూ కదిలించరు. అదీ రూలే, ఊరు పెట్టుకున్నది. కొల్లేరును మాత్రం 1999లో అభయారణ్యంగా ప్రకటించాక కూడా చేపల చెరువులు మింగాయి. 2006లో ఆ చెరువుల గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. ఊరి కట్టుబాటు లేనిచోట కాగితం మీది చట్టం ఎంత నిలుస్తుందో మనకు తెలియనిది కాదు.

ఏడాదికొక్క ఆటవిడుపు కోసం ఎదురుచూసే కుటుంబాల మాటా కాదనలేం. వారాంతం దొరకడమే గగనం. కానీ బీచ్‌కు బదులు చెరువుగట్టు పార్కు మనకు దొరుకుతుంది, ఆ పిట్టకు వేరే చోటు లేదు.

కార్యవర్గానికి మనవి: ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 దాకా గూళ్లున్న బీచ్‌లో పిక్నిక్ పెట్టకండి. తప్పదనుకుంటే పర్మిట్ ఫీజు కట్టేముందే పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి గూళ్లెక్కడో అడగండి. గాలిపటాలు వద్దని ఆహ్వానంలోనే రాయండి. మూతలున్న డబ్బాలు తెచ్చి, చెత్తంతా కార్లలో వెనక్కి తీసుకెళ్లండి. కుక్కలకు పట్టీ ఉండాలి, పిల్లలు తవ్విన గుంటలు పూడ్చాలి. తాడు పక్కన ఇద్దరు వాలంటీర్లను నిలబెట్టండి. అన్నిటికన్నా మేలు, లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక పెట్టుకోవడం. అప్పటికీ నీళ్లు వెచ్చగానే ఉంటాయి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తేదీ మార్పును తీర్మానంగా పెట్టండి.