డైరీ రాయమన్నారు

ధ్యాస నిలవడం లేదని, సలహా కోసం ఏడాదిన్నరలో నలుగురిని కలిశాను. నలుగురూ డైరీ రాయమన్నారు. నాలుగో ఆయన నోటిమాటతో సరిపెట్టక, తమ కేంద్రం పేరు బంగారు అక్షరాలతో అచ్చు వేయించిన డైరీని స్వయంగా నా చేతిలో పెట్టారు. పదిహేను వందల రుసుము తీసుకున్న వెంటనే, అది పూర్తిగా ఉచితమని ప్రకటించే పెద్దమనసు కూడా చూపారు.

నాకున్నది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య. పత్రికలవాళ్లు దీనికి అవధాన లోపమని పేరు పెట్టారు. అష్టావధానానికి చప్పట్లు కొట్టే జాతిలో పుట్టి ఇంతకన్నా తలవంపు ఏముంటుంది? నిజం చెప్పాలంటే ఎనిమిది పనులు ఒక్కసారిగా ఎత్తుకోవడంలో నేను ఏ అవధానికీ తీసిపోను. పొయ్యి మీద పాలు, చేతిలో కరెంటు బిల్లు, చెవి దగ్గర ఫోను, సగం విప్పిన ఫ్యాను, అన్నీ ఏకకాలంలో నడుస్తుంటాయి. ధారణ దగ్గరే సభ రసాభాస అవుతుంది. పాలు నా ధారణలో ఉండవు, పొయ్యి మీద ఉంటాయి. కాసేపటికి అక్కడా ఉండవు.

ఇలాంటి మనిషికి వీళ్లంతా కూడబలుక్కున్నట్టు ఇచ్చే మందు డైరీ. ఈ మందు నేను వాడనిది కాదు. మా ఇంట్లో పదకొండు డైరీలున్నాయి. ప్రతిదాంట్లోనూ జనవరి ఒకటిన ముత్యాల్లాంటి దస్తూరితో ‘నేటి నుంచి’ అని మొదలవుతుంది. రెండో తేదీన దస్తూరి కాస్త వాలుతుంది. మూడో తేదీన ‘ఇవాళ తప్పకుండా’ అని రాసి ఆగిపోయి ఉంటుంది. ఏది తప్పకుండానో పదకొండేళ్లుగా తెలియలేదు. మిగిలిన పేజీల్లో మా ఆవిడ పాల లెక్క రాస్తుంది. ఆ లెక్కలో ఒక్క అర లీటరు తేడా వచ్చిన పాపాన పోలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు నాలుగో ఆయన గంభీరంగా అడిగారు.

“డైరీ తెచ్చారా?”

“మరిచిపోయానండీ.”

“తేవాలని ఎక్కడైనా రాసుకోవలసింది.”

“రాసుకున్నానండీ.”

“ఎక్కడ?”

“డైరీలో.”

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారు. ఆలోచిస్తున్నారేమో అనుకున్నాను. కళ్లు తెరిచి బల్ల సొరుగులోంచి ఇంకో డైరీ తీశారు. “మొదటిది తేవాలని ఇందులో రాసుకోండి” అన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు రెండు డైరీలూ తీసుకెళ్లాను. ఆ రోజు నా వంతు లేదు. అది మరుసటి రోజట.

ఈయన గది గోడకు పటం కట్టిన పత్రం ఒకటుంది. మూడు రోజుల శిక్షణ పొందినట్టు అందులో రాసి ఉంది. తలుపు మీద ‘జీవన మార్గదర్శి, మెదడు శిక్షకులు’ అన్న బోర్డు. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా, అంటే మానసిక సమస్యలను పరీక్షించి మందులు లేకుండా చికిత్స చేసే నిపుణుడిగా, పని చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరుండాలి. 1992 నాటి చట్టం ప్రకారం, పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పదిహేను వందల్లోంచి వెయ్యి కట్టేసినా, మిగిలిన ఐదు వందలతో డైరీలు అచ్చు వేయించుకోవచ్చు. అయినా మెదడు శిక్షకులకు ఆ రిజిస్టరుతో పనేమిటి?

ఒకసారి మా అమ్మను వెంట తీసుకెళ్లాను. దానికి కారణం ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే మానసిక సమస్యల నిర్ధారణ గ్రంథం ప్రకారం, పెద్దవాళ్లలో ఈ సమస్యను నిర్ధారించాలంటే కొన్ని లక్షణాలైనా పన్నెండేళ్ల లోపే కనబడి ఉండాలి. నా పన్నెండేళ్ల లోపు జీవితానికి మా అమ్మను మించిన సాక్షి లేదు.

“మా వాడికేం బాబూ, బంగారం” అని మొదలుపెట్టింది. “మూడో తరగతిలో చింతపండు తెమ్మని పంపితే సాయంత్రానికి గాలిపటంతో వచ్చాడు. చింతపండూ లేదు, డబ్బులూ లేవు. సైకిలు మూడో రోజున కొట్టువాడే తెచ్చి ఇచ్చాడు. పలకలు ఎన్ని కొన్నామో లెక్కే లేదు. దీన్ని జబ్బంటారా? వాళ్ల నాన్నా అంతే, పెళ్లిపీటల మీదికి మధుపర్కాలు మరిచిపోయి వచ్చారు.”

జబ్బు లేదని వాదిస్తూనే లక్షణాలు, మొదలైన వయసు, వంశపారంపర్యం అన్నీ మూడు నిమిషాల్లో చెప్పేసింది. నాలుగో ఆయన శ్రద్ధగా తలూపి కాగితం మీద ఒకే ముక్క రాశారు: ‘ఫోను ఎక్కువ చూస్తారు.’

అమ్మ చెప్పినది 1986 నాటి సంగతి. అప్పట్లో మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫోను పోస్టాఫీసులో ఉండేది. దానికీ తాళం వేసేవాళ్లు.

నా మాట వదిలేయండి. నేను గోల చేసేవాణ్ని కాబట్టి గోడకుర్చీ వేయించడానికైనా కనబడ్డాను. మా అక్క గోల చేయలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. ‘పరధ్యానం’ అని పేరు పెట్టారు, తరవాత ‘మొద్దు’ అన్నారు, పదో తరగతి తప్పితే పెళ్లి చేశారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని అత్తవారింట్లో ముప్పై ఏళ్లు మాటలు పడింది. నిరుడు ధైర్యం చేసి నాతో పాటు వచ్చి, ఇదే మనిషి ఎదుట కూర్చుని మొదటిసారి నోరు విప్పింది. ఏమన్నాడో తెలుసా? “ఇల్లాలికి ఇవన్నీ ఎందుకమ్మా, పొద్దున్నే లేచి యోగా చేయండి” అన్నాడు. ఆవిడ పొద్దున్నే నాలుగింటికి లేస్తుందిరా, ముప్పై ఏళ్లుగా! లేచి, ఏం మరిచిపోయానో అని గ్యాసు, తాళాలు, మందుబిళ్లలు మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఇల్లంతా తిరుగుతుంది. వినడానికే డబ్బు తీసుకునేవాడు ఆ ఒక్క ముక్కా వినలేదు. తిరిగి వస్తుంటే ఆటోలో అక్క నన్నే ఓదార్చింది, “పోనీలేరా, నాదే ఏదో లోపం” అని. ఆ మాటకు ఆ డైరీలన్నీ వాడి నెత్తిన వేసి కొట్టాలనిపించింది.

క్షమించాలి. మర్యాద తప్పాను.

ఐదో ఆవిడ దగ్గరికి వెళ్లేముందు ఫోనులోనే అడిగాను, పెద్దవాళ్లలో ఈ సమస్య చూశారా, చూస్తే ఏం చేస్తారు అని. అంతకుముందు నలుగురిని అడగాలని నాకెందుకు తోచలేదో చెప్పలేను. ఆవిడ విసుక్కోకుండా బదులిచ్చారు. రిజిస్టరులో పేరుంది. మందులు అవసరమైతే సైకియాట్రిస్టు రాయాలని, తన పని అది కాదని ముందే చెప్పారు. అమ్మను గంటసేపు మాట్లాడించి, అటక మీది ప్రోగ్రెస్ కార్డులు తెప్పించుకున్నారు. ‘తెలివైనవాడు, ధ్యాస లేదు’ అన్న ఎర్రసిరా రాతను రెండుసార్లు చదివారు. తాళాలు ఇంట్లో సరిగ్గా ఎక్కడ పోతుంటాయని అడిగారు. అక్కడే ఒక మేకు కొట్టమన్నారు.

అక్కకు కూడా ఆవిడ దగ్గరే గురువారం పదకొండు గంటలకు సమయం తీసుకున్నాను. గుర్తుంచుకునే పని నాకు పెట్టలేదు. నాలుగో ఆయన ఇచ్చిన బంగారు అక్షరాల డైరీలో, అర లీటరుకీ ముప్పావు లీటరుకీ మధ్యన, మా ఆవిడ రాసుకుంది.