కొత్త తారు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వీఐపీ రోడ్డు మీది కొత్త తారు గారికి, మియాపూర్‌లోని ఒక గుంతల గల్లీవాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. అంటే మీరు కుశలం, మా నడుములే కొంచెం అటూ ఇటూ.

మిమ్మల్ని తొలిసారి కళ్లారా చూసింది 2017 నవంబరులో. హైదరాబాద్‌లోని హెచ్‌ఐసీసీ అనే సమావేశ కేంద్రంలో సదస్సుకి ట్రంప్ కూతురు ఇవాంకా వస్తున్నారని రాత్రికి రాత్రి దిగారు. బిచ్చమెత్తడం మీద పోలీసులు 2 నెలలు నిషేధం పెట్టారు. మాదాపూర్‌లో ఒక కుర్రాడు డివైడర్‌కి రంగు వేస్తుంటే నిలబడి చూశాను. గట్టు మీద పడిన వేపాకుని తీయకుండా దాని మీదుగానే బ్రష్ లాగేశాడు. ఆ ఆకు పసుపు రంగులో అతుక్కుని నెలల తరబడి అలాగే ఉంది. మీరు మాత్రం వానలు పడగానే లేచిపోయారు.

మన నాయకులు విదేశాలతో చేసే దోస్తీకి కూడా మీ కాంట్రాక్టరే పనిచేస్తాడని అప్పట్లో నాకు తెలియదు.

2020 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో 'నమస్తే ట్రంప్' అన్నారు. ఆయన వచ్చే దారిలో మురికివాడకి అడ్డంగా గోడ కట్టారు. 2025 ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామని అదే దోస్తు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచాడు. దాన్ని టారిఫ్ అంటారట. పేరుని బట్టి మీ తమ్ముడేమో అనుకున్నాను. భీమవరంలో మా బావకి రొయ్యల చెరువుంది. ఫోన్ చేసి, "ఏంటి బావా, టీవీలో మనోడే అన్నారు గదా?" అన్నాడు. "మనోడే బావా, అందుకే చనువుగా వేశాడు" అన్నాను. పెట్టేశాడు.

ఆ వారమే చైనాలోని తియాన్‌జిన్‌లో మన ప్రధాని చైనా అధ్యక్షుడితో చేతులు కలిపారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబుని పోగొట్టుకున్నప్పుడు, చైనా సరుకు ముట్టమని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రతిజ్ఞ చేయించిన సెక్రటరీ గారే ఈ ఫొటో పెట్టి 'మాస్టర్ స్ట్రోక్' అని రాశారు. రెండుసార్లూ చైనా ఫోన్‌లోంచే. చేతులు కలపడం తప్పనను. పొరుగువాడితో ఎన్నాళ్లని మొహం తిప్పుకుంటాం? కానీ నిన్నటిదాకా ఎందుకు తిట్టమన్నారో, ఇవాళ ఎందుకు చప్పట్లు కొట్టమంటున్నారో ఒక్క ముక్క చెప్పరు. పాత గుంత మీదే మీరు ఇంకో పొర.

ఢిల్లీ వాళ్లే ఇంత అనుకుందామంటే, ఆ సుంకం నడుస్తుండగానే 2025 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకి డొనాల్డ్ ట్రంప్ అవెన్యూ అని పేరు పెడతామంది. హెచ్‌1బీ వీసాకి ట్రంప్ లక్ష డాలర్ల ఫీజు వేసి అప్పటికి 3 నెలలు కూడా కాలేదు! అక్కడొక పార్టీ, ఇక్కడొక పార్టీ. మీ దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకటే. వీసా కోసం చిలుకూరులో ప్రదక్షిణలు చేసేవాళ్లు ఇక ఆ రోడ్డు చుట్టూ కూడా తిరగాలేమో.

నా విన్నపం చిన్నది. ఏ దేశాధినేత కాన్వాయ్‌నైనా ఒకసారి దారి తప్పించి మా గల్లీలోకి మళ్లించండి. అమెరికా, రష్యా, చైనా, ఎవరైనా సరే. మాది అలీన విధానం.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూస్తున్న ఒక స్కూటరువాడు

తా.క.: ఇది రాస్తుండగా రోడ్డు రోలర్ చప్పుడైంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. అది ఆగకుండా మెయిన్ రోడ్డు వైపు పోతోంది. ఎవరొస్తున్నారన్నా అని అరిచాను. "ఎవరో పెద్దసారంట, ఏ దేశమో మాకేం ఎరుక" అన్నాడు డ్రైవర్.